ఎర్ర తువ్వాలు

ఆ ఏడు వానలు తొందరపడ్డాయి. సెలవులు అయిపోకముందే ఆదిలాబాద్ లోయల్లో జలపాతాలు దూకడం మొదలుపెట్టాయి. శనివారం వస్తే చాలు, తార్నాకలో ఇంటికి తాళం వేసి ముగ్గురం బయల్దేరేవాళ్లం. బండరాళ్లు పట్టుకుని లోయలోకి దిగీదిగగానే మా అమ్మాయి మడుగులోకి దూకేది. ఆ హోరులో ఎంత అరిచినా వినపడదు కాబట్టి, ఇక చాలు బయటికి రమ్మని మావారు ఎర్ర తువ్వాలు ఊపేవారు. చేతులు పడిపోయేలా ఊపినా అది ఒక్కనాడూ వెంటనే రాలేదు. ఇంకొంచెంసేపని చెయ్యి చూపించి మళ్లీ మునిగేది.

సెలవుల ఆఖర్లో యూనివర్సిటీ క్యాంపస్ పూల్‌లో ఈత పోటీలు జరిగాయి. సగం దూరం వెళ్లేసరికి మా అమ్మాయే అందరికంటే ముందుంది. నేను గొంతు చించుకుంటున్నాను. మావారు ఆనందం పట్టలేక భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి గిరగిరా ఊపారు. ఊపిరి కోసం తల తిప్పిన పిల్ల దాన్ని చూసింది. అంతే, ఈత ఆపేసి గట్టెక్కి మా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది.

"జలపాతం కాడ నెత్తీనోరూ మొత్తుకున్నా రానిదానివి, గీడ ఎందుకొచ్చినవే?"

అది రొప్పుతూ నన్ను కిందికీ పైకీ చూసింది.

"గాడ డాడీ ఊరికే పిలుస్తడు. రేస్ మధ్యల పిలుస్తున్నడంటే నీకేమన్న అయిందనుకున్న మమ్మీ."

తిట్టడానికి నా దగ్గర ఇంకా చాలా మాటలున్నాయి. మావారి చేతిలోంచి తువ్వాలు లాక్కుని దాని తల తుడిచాను, అవసరమైనదానికంటే గట్టిగా.