మ్యూజియానికి నచ్చిన సున్నం

మా పక్కింటి డ్రైవరు మామ పోయారని కాలేజీ హాస్టలుకు కార్డు వచ్చింది. ఉద్యోగమంతా ఆవిరి ఇంజను మీద గడిపి రిటైరైన మనిషి. సంతాప తీర్మానం చేయవలసిన పెద్దలెవరూ చేయలేదు. వారికి కబురు చేరి ఉంటే, ఆయన నిజంగా పోయారో లేదో తేల్చడానికి ఒక కమిటీ వేసి ఉండేవారు. కాబట్టి ఆ భారం నా మీద పడింది.

ఆయన నడిపిన ఇంజను మా స్టేషను చివర, గడ్డి మొలిచిన పట్టాల మీద పడి ఉండేది. పాత ఇంజన్లలో కొన్నింటిని మ్యూజియంలో పెడతారని, మిగిలినవి కరిగిస్తారని తెలియగానే మామ నా చేత ఇంగ్లీషులో అర్జీలు రాయించారు. నేను నిఘంటువు ముందేసుకుని రాసింది విని, “బాగుందబ్బయ్యా. దీంట్లో ఇంజను యాడుందో చూపించు” అన్నారు.

మాది సముద్రపు గాలి. “ఇంజను పనిచేసి చావదు, ఊరకుండి చస్తాది” అనేవారు మామ. నెలనెలా అల్లూరు నుంచి నీళ్లు తగలని గుల్లసున్నం తెచ్చి, రేకు పళ్ళేలలో పోసి, బాయిలరులోనూ బొగ్గు పొయ్యిలోనూ పెట్టేవారు. చెమ్మ సున్నం తాగుతుంది, ఇనుము బతుకుతుంది. ముసలాయన ఇంజనుకు తాంబూలం పెడుతున్నాడని ఊరంతా నవ్వింది. నేను కొంచెం ఎక్కువే నవ్వాను.

ఇంజన్లను ఎంపిక చేసే ఆఫీసరుగారు వస్తున్నారనగానే స్టేషను సిబ్బంది మేల్కొన్నారు. పెద్దలొస్తే రాళ్లకు సున్నం కొట్టడం వారికి తెలిసిన ఏకైక శాస్త్రం. సున్నం ఎక్కడుంది? ఇంజనులో ఉంది. పళ్ళేలు బయటికి లాగి, నీళ్లు పోసి, ప్లాట్‌ఫారం రాళ్లకూ చెట్ల మొదళ్లకూ కొట్టి, మిగిలింది ఇంజను చక్రాలకు పూశారు.

ఆ చక్రాలు చూసి ఆఫీసరుగారు మురిసిపోయారు. శుభ్రతకు మెచ్చి, అక్కడికక్కడే ఎంపిక చేశారు.

“లోపల కూడా చూడండి సార్. సున్నం మళ్లీ పెట్టకపోతే తుప్పు తినేస్తాది” అన్నారు మామ.

“వచ్చే జనం లోపలికి చూడరు గదయ్యా.”

“అట్టయితే రేకుతో బొమ్మ చేయించుకోండి సార్. తేలిగ్గా ఉంటాది.”

ఆఫీసరుగారు అది మెచ్చుకోలనుకుని తల పంకించారు. అంత పదవికి ఆ మాత్రం తెలివి చాలన్నమాట.

మర్నాడు మామ కిరసనాయిలు గుడ్డతో చక్రాలు తుడుస్తున్నారు.

“ఎంపికైంది గదా మామా, ఇంకా ఏంది కోపం?”

“దాన్ని గాదబ్బయ్యా, దాని తోలుని ఎంపిక చేసినారు.”

ఆయన దగ్గర నేను నవ్వడం మానలేదు. ఎవరిని చూసి నవ్వాలో మాత్రం నేర్చుకున్నాను. అందుకు రుణపడి ఉన్నాను.

తీసుకెళ్లే ఉత్తర్వు రావడానికి రెండు వానాకాలాలు పట్టింది. అన్నాళ్లూ మామ సున్నం మారుస్తూనే ఉన్నారు. ఆయన కర్మలకని వెళ్లిన నేను ఊళ్లో ఉండగానే, అవి ముగిసిన వారానికి ఇంజనును లాక్కెళ్లడానికి డీజిలింజను వచ్చింది. అత్త పట్టాల దాకా నడిచి వచ్చింది.

“పొయ్యి తలుపు బిగించినారా నాయనా? చెమ్మ దూరతాది.”

“బిగించినాంలేమ్మా” అన్నాడు డీజిలుతో వచ్చిన మేస్త్రీ, అటు చూడకుండానే.

ఇంజను కదిలింది. కొడవలూరు వైపు మలుపు తిరిగేటప్పుడు, మనిషి లేని క్యాబులో ఆ తలుపు తెరుచుకుంటూ, మూసుకుంటూ పోయింది.