మా అమ్మని ‘అక్కా’ అని పిలిచినావిడ

పిన్ని పోయిందని నాకు కూరల బజారులో తెలిసింది. పాలకొల్లులో దొండకాయలు ఏరుకుంటూ ఉంటే, ఒకప్పుడు బహ్రెయిన్‌లో నాలాగే ఇంటిపని చేసిన స్నేహితురాలు ఎదురుపడింది. "నీకు తెలిసే ఉంటుందిలే, మన హోటల్ అమ్మగారు పోయారంట కదా! నాలుగైదు రోజులైందంట. దహనం కూడా అక్కడే చేసేశారంట" అంది. అంటూనే పక్కకు తిరిగి వంకాయలు కిలో ఎంతని అడిగింది. నేను దొండకాయలు తిరిగి బుట్టలో పోసేసి ఇంటికి వచ్చేశాను.

తెలిసే ఉంటుందట! నాకెవరు చెబుతారు? ఏమవుతానని చెబుతారు? ఆ పూటంతా నాకు దుఃఖం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. వంటింట్లో గిన్నెలు దడదడలాడించాను. "ఎవరే పోయింది?" అన్నాడు మా ఆయన. "పిన్ని" అన్నాను. "నీకు పిన్నెక్కడుంది?" అన్నాడు. పాపం, ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మా అమ్మకి తోబుట్టువులే లేరు. అప్పుడు గడప మీద కూలబడి ఏడ్చాను.

కాబట్టి ఆ పిన్ని ఎవరో, నాకెలా పిన్ని అయిందో మీకు చెప్పాలి. చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

తొంభైల్లో నేను బహ్రెయిన్‌లో, అద్లియాలో ఒక ఇంట్లో పనికి ఉండేదాన్ని. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం సెలవు. మనామా పాత బజారులో, బాబ్ అల్ బహ్రెయిన్ గేటు వెనక సందుల్లో పిన్నివాళ్ళ హోటలుంది. ఆవిడ మామగారు ఎప్పుడో నరసాపురం నుంచి ఓడెక్కి వెళ్ళి టీ కొట్టుగా మొదలుపెడితే, కొడుకు దాన్ని భోజన హోటల్ చేశాడు. బోర్డు మీద అరబ్బీలో ఒక పేరు, ఇంగ్లీషులో ఇంకో పేరు. మా నోళ్ళలో మాత్రం అది ‘మన హోటల్’. గల్లాపెట్టె దగ్గర ఆవిడ భర్త, బాబాయిగారు, వడ్డనలో అప్పటికే ఇరవై దాటిన వాళ్ళబ్బాయి, వంటింట్లో ఆవిడ. అప్పట్లో నేనూ అందరిలాగే ‘అమ్మగారూ’ అనేదాన్ని.

మొదటిసారి వెళ్ళినప్పుడు లోపలికి అడుగు పెట్టలేకపోయాను. అంతా మగవాళ్ళే. హమద్ టౌన్‌లో ఇళ్ళు కట్టే పనివాళ్ళు, కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళు, బల్లలకు అటూ ఇటూ ఒరుసుకుని కూర్చున్నారు. నేను గుమ్మం పక్కన ఎండలో, ఏదో బస్సు కోసం ఆగినదానిలా నిలబడ్డాను. పప్పు వాసన వస్తోంది. నెయ్యి కాగుతోంది. ఏడుపొస్తోంది. ఇంతలో చేతిలో గరిటెతో ఆవిడే బయటికొచ్చింది.

"ఏమ్మా, ఏ ఊరు?"

"రాజోలు దగ్గరండి."

"రాజోలు దగ్గరైతే మాత్రం? ఎండలో నిలబడితే అన్నం నడిచొస్తుందా? లోపలికి రా!"

మగవాళ్ళ మధ్యనుంచి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, వంటింట్లో బియ్యం బస్తా మీద కూర్చోబెట్టింది. ముద్దపప్పు, ఆవకాయ, వంకాయ కూర, హమూర్ చేపతో పులుసు. ఆ హమూర్‌ని ఆవిడ ‘పులసకి సవతితల్లి’ అనేది. "ఎంత చింతపండు పోసినా దీనికి బుద్ధి రాదే, ఏం చేస్తాం, తిను" అనేది. మళ్ళీ శుక్రవారానికల్లా ఆ బస్తా స్థానంలో బెంచీ వచ్చింది. తర్వాత్తర్వాత సనాబిస్ నుంచీ, ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఆడవాళ్ళంతా ఆ బెంచీ మీద తిన్నవాళ్ళే.

ఆవిడకి మెత్తగా మాట్లాడటం చేతకాదు. వంటింట్లోంచే హాల్లోకి కేకలు. "కారం సరిపోలే అమ్మగారూ" అని ఎవడైనా అంటే, "నీ నాలిక మీద వాత పెడతాను, అప్పుడు సరిపోద్ది, రా" అనేది. వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఎవరైనా విస్తట్లో అన్నం వదిలి లేవబోతే గరిటె అడ్డం పెట్టేది. మారు వడ్డించుకోకుండా లేచినవాడికి ఒంట్లో బాగాలేదని ఆవిడ లెక్క. వెంటనే మిరియాల చారు వచ్చేది, వద్దన్నా వినేది కాదు. "పరాయి దేశంలో ఏడవాలనుకుంటే ఏడు. తినేసి ఏడు" అనేది. ఆ మాట ఎంతమందికి చెప్పిందో!

నాకు మాత్రం ఒక శుక్రవారం ఆ మాట సరిపోలేదు.

మా అమ్మ పోయింది. మేడమ్ ఇంటి ఫోన్‌కి మా అన్నయ్య చేసి చెప్పాడు. నా పాస్‌పోర్టు దాచుకున్న కఫీల్, ఆ ఇంటి యజమాని, చెడ్డవాడేమీ కాదు. కానీ ఆయనకి అర్థం కాలేదు. "నువ్వు వెళ్ళేసరికి అంతా ఖలాస్. వెళ్ళి ఏం చేస్తావు?" అన్నాడు. నా చేతికి టిష్యూ పేపర్ల డబ్బా ఇచ్చాడు. అమ్మ మొహం చివరిసారి చూడటం అన్నది ఆయన లెక్కలో పనే కాదు. నేను ఆ ఇల్లు తుడిచాను, బట్టలు ఇస్త్రీ చేశాను, పిల్లలకి పాలు కలిపాను. ఎవరి ముందూ ఏడవలేదు.

మధ్యలో వచ్చిన శుక్రవారం గది దాటలేదు. ఆ పై శుక్రవారమే ఊళ్ళో అమ్మకి పెద్దకర్మ. హోటల్‌కి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. ముద్ద కలిపాను, నోట్లోకి పోలేదు. ఆవిడ చూసింది. "ఏమైందే?" అంది. చెప్పాను. ఆవిడ పొయ్యి మీద ఉన్న మూకుడు దించేసింది. హాలు నిండా జనం, శుక్రవారం, అన్నం కోసం కేకలు. "మీ అమ్మకేం ఇష్టం?" అంది. బెండకాయ పులుసు, మీగడ పెరుగు అన్నాను. అంతే, బెండకాయలు తరగడం మొదలెట్టింది.

బాబాయిగారు గల్లా వదిలి వచ్చి, "హోటల్లో ఇదేంటే, జనం తినే చోట చావన్నం..." అని నసిగాడు.

"మీ నాన్నకి ఈ మేడ మీదే పెట్టలేదూ? అప్పుడు ఇది హోటల్ కాదా?" అంది. ఆయన వెళ్ళి లెక్క చూసుకున్నాడు.

మేడ మీదికి వెళ్ళాం. నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన బట్టలు, ఎండ. ఆకులో వేడన్నం, పులుసు, పెరుగు వేసి పిట్టగోడ మీద పెట్టి, ఇద్దరం ట్యాంకు నీడలో నిలబడ్డాం. కాకి ముట్టాలి కదా! ముడితేనే పోయినవాళ్ళకి తృప్తి. మన ఊళ్ళో అయితే పిలవక ముందే వస్తాయి. ఆ మేడ మీద ఎంతసేపు చూసినా ఒక్క కాకి కనబడలేదు. పావురాలొచ్చాయి. నేను వాటిని ‘హుష్, హుష్’ అని చెంగుతో తోలేశాను. అవి మళ్ళీ వచ్చాయి. మళ్ళీ తోలాను. కాకి కోసం పెట్టింది పావురాలు తినేస్తే ఎలా? అమ్మ ఆకలితో పోదూ?

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎందుకే తోలతావు? మీ అమ్మకి ఈ ఊళ్ళో కాకి దొరక్కపోతే ఏం చేస్తుంది? దొరికిన పిట్టలో వస్తుంది. నువ్వు వీసా మీద వచ్చావు. ఆవిడ దేని మీద రావాలి?"

ఎవరైనా పోయినప్పుడు పిట్ట ముట్టకపోతే, బతికున్నవాళ్ళు వాళ్ళ బెంగేమిటో తెలుసుకుని మాటిస్తారు కదా! "మీ అమ్మకి దేని మీద బెంగ?" అంది. "నా మీదేనండి" అన్నాను. ఇంటి పెద్దలు చెయ్యాల్సిన పని అది. ఆవిడ చెంగు భుజం మీదికి లాక్కుని, ఆకు వైపు తిరిగి, చేతులు జోడించింది.

"అక్కా! నీ పిల్లని నాకొదిలెయ్. ఇవాళ్టి నుంచి ఇది నా కూతురు. దీని కడుపు నేను చూస్తాను. నువ్వు తిను."

కేకలు వేసే గొంతు కాదది. ఒక పావురం వచ్చి అన్నంలో ముక్కు పెట్టింది. అప్పుడు ఏడ్చాను. ఆవిడ ఆపమనలేదు, తనూ ఏడ్చింది.

కిందికొచ్చాక ఆ రోజు హోటల్లో అందరికీ బెండకాయ పులుసే వడ్డించింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. కానీ తెలిసిపోయింది. ఎప్పుడూ కారం చాలదని గోల చేసేవాళ్ళంతా చప్పుడు చెయ్యకుండా తిన్నారు. వాళ్ళలో పెద్దాయన ఒకడు చెయ్యి కడుక్కుని, వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. "మీ అమ్మ పేరు మీద తిన్నం బిడ్డా. మంచిగ తిన్నం. రంది వెట్టుకోకు" అన్నాడు. వాళ్ళు కూడా ఎవరి చావుకో వెళ్ళలేకపోయినవాళ్ళేనని నాకు అప్పుడు తట్టింది.

మా అమ్మని అక్కా అన్న మనిషి నాకేమవుతుంది? పిన్ని. ఆ శుక్రవారం నుంచి నేను అలాగే పిలిచాను, ఆవిడ అలాగే పలికింది. నా తలకి నూనె పెట్టింది. జ్వరం వస్తే క్యారేజీ పంపింది. జాకెట్టు వదులైందని తిట్టింది, బిగుతైందని సంబరపడింది. నేను ఊరికి తిరిగొచ్చేసే ముందు చెప్పడానికి వెళితే మాత్రం వంటింట్లోంచి బయటికి రాలేదు. "వెళ్ళవే, వెళ్ళు. ఇక్కడ నూనె కాగుతోంది" అని వెనక్కి తిరిగే నిలబడింది. పొయ్యి మీద నూనె లేదు, నాకు కనిపిస్తూనే ఉంది.

తర్వాత పెళ్ళి, పిల్లలు. కొన్నాళ్ళు ఫోన్లు చేసుకున్నాం. నంబర్లు మారాయి. నేనూ వెతకలేదు, ఎందుకంటే నాలో ఒక అనుమానం ఉండేది. దాచడమెందుకు, చెప్పేస్తాను. అది ఏడుస్తున్న పనిపిల్లని ఊరుకోబెట్టడానికి అన్న మాటేమో! ఆ మేడ మీద నాకు ముందు ఎందరి తల్లులకి ఆకు వేసిందో, నా తర్వాత ఎందరిని ‘నా కూతురు’ అందో. అన్నం పెట్టే చెయ్యి అది, అందరికీ పెడుతుంది. అందులో నాది మాత్రం ప్రత్యేకమని ఎలా అనుకోను? కూరల బజారులో పరాయిదానిలా నిలబడి కబురు విన్నప్పుడు, అనుమానం నిజమే అనుకున్నాను.

బజారులో విన్న వారానికి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "ఏమండీ, నేను మనామా హోటల్ నుంచి. అమ్మ అస్థికలు తెచ్చాం. నాన్న ప్రయాణం చెయ్యలేరు, నేనే వచ్చాను. రేపు అంతర్వేదిలో కలుపుతున్నాం. వీలైతే రండి" అన్నాడు వాళ్ళబ్బాయి. వీలైతే రండి! ఎవరికైనా చెప్పే మాటే అది. సరేనన్నాను. మా ఆయన వస్తానంటే వద్దని ఒక్కదాన్నే బస్సెక్కాను.

ఒడ్డున నేను కాస్త దూరంగానే నిలబడ్డాను. నరసాపురం చుట్టాలు పదిమంది దాకా ఉన్నారు. అతను నెరిసిన తలతో, ఎర్రటి మట్టి కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళ కిందట చారు బకెట్టు పట్టుకుని బల్లల మధ్య పరిగెత్తిన మనిషి. పంతులుగారు మంత్రం ఆపి, "పుణ్యస్త్రీగా వెళ్ళిన తల్లి. పసుపూ కుంకుమా కూతురు చేత్తో వెయ్యాలి. ఆడపిల్లలెవరైనా ఉన్నారా?" అని అడిగారు.

"ఉందండి, మా అక్క" అన్నాడతను.

ఎవరా అని నేను వెనక్కి తిరిగి చూశాను.

వెనక ఎవరూ లేరు. ఇసుక, పడవ, అంతే. మళ్ళీ ఇటు తిరిగేసరికి అతను నా వైపే చూస్తున్నాడు. "రా అక్కా. అమ్మ పోయేముందు పసుపూ కుంకుమా నువ్వే వెయ్యాలంది. మిగతా పని ఎవరు చేసినా సరే అంది. నీ నంబరు దొరికేదాకా టికెట్టు కొనలేదు. ఇది ఫోన్లో చెప్పే మాట కాదనిపించింది" అన్నాడు.

చెప్పులు ఇసుకలో విడిచి వెళ్ళాను. పసుపు వేశాను, కుంకుమ వేశాను. ‘పిన్నీ’ అనబోతే ‘అమ్మా’ అని వచ్చింది. ఇద్దరం కుండ పట్టుకుని మోకాళ్ళ లోతు దాకా నీళ్ళలోకి దిగాం. చుట్టూ సముద్రమున్న దీవిలో పుట్టి కూడా, ఆ హోటల్లోనే పెరిగి, కాళ్ళు తడిపి ఎరగని మనిషి అతను. అల వచ్చినప్పుడల్లా వణుకుతున్నాడు. కుండ వదిలాం. కాసేపు మూతిగుడ్డ తేలుతూ కనిపించింది, తర్వాత అదీ కనబడలేదు. ఒడ్డు నుంచి పంతులుగారు వెనక్కి చూడకుండా వచ్చెయ్యమని పిలుస్తున్నారు. మా తమ్ముడు పసుపంటిన నా చేతిని రెండు చేతులతో పట్టుకుని, నీళ్ళ వైపు చూస్తూ అలాగే నిలబడిపోయాడు.