మేవిస్ తవ్వకుండా వదిలేసిన చోట్లు

మేవిస్ థర్కెటిల్ ముప్పై ఏళ్లు ఇంగ్లండులోని మా నార్ఫోక్ పల్లె బడిలో పిల్లలకు వండిపెట్టింది. రిటైరైన వారానికే ఎవరి దగ్గరో పాత మెటల్ డిటెక్టర్ ఒకటి కొనుక్కుంది. క్లైవ్ బన్ అనే రైతు తన గొర్రెల పచ్చికలో పాత నాణేలు వెతుక్కోమన్నాడు. అక్కడ ఒకప్పుడు కమ్మరి కొలిమి ఉండేది. అదే ఆమె ప్రాణానికి వచ్చింది.

ఇనుము తగిలితే యంత్రం బొంగురుగా మూలగాలి. కాని తుప్పు పట్టిన వంకర మేకు ఒక్కోసారి అచ్చం వెండి నాణెంలా సన్నగా, తియ్యగా పలుకుతుంది. పలికిన చోటల్లా మేవిస్ తవ్వింది. నెల తిరిగేసరికి బకెట్ నిండా మేకులు, నాడాల ముక్కలు, పచ్చిక నిండా గుంతలు.

"అమ్మా మహాతల్లీ, నా గొర్రె కాలు విరిగితే నువ్వు మోస్తావా దాన్ని? ఇక ఇటు రాకు!" అన్నాడు క్లైవ్.

ఆమె యంత్రం భుజాన వేసుకుని వచ్చేసింది. వారం రోజులు దాన్ని ముట్టుకోలేదు. ఆ తరువాత తన పెరట్లోనే ఒక నాణెం, కొన్ని తుప్పు మేకులు పాతిపెట్టి, చలికాలమంతా వాటి మీద యంత్రం తిప్పుతూ కూర్చుంది. పక్కింటివాణ్ణి కనుక కంచె మీంచి అడిగాను.

"ఏం పండిస్తున్నావు మేవిస్?"

"మేకులు. మొలకెత్తితే నీకూ రెండిస్తాలే."

నవ్వుతూనే చూపించింది. ఒక వైపు నుంచి పలికిన చోట, పక్కకు తిరిగి అడ్డంగా మళ్లీ ఊపాలి. నాణెమైనా ఇత్తడైనా, ఎటు నుంచి ఊపినా అదే చోట అదే స్వరం. మేకైతే స్వరం తెగుతుంది, లేదా జానెడు పక్కకు జరుగుతుంది.

మార్చిలో, గొర్రెలు ఈనే రోజుల్లో, ఒక మధ్యాహ్నం క్లైవ్ కొట్టంలో నేల కింది నీటి గొట్టం పగిలింది. గడ్డి తడిసి ముద్దయింది, పుట్టి గంటైనా కాని పిల్లల కింద నీళ్లు. గొట్టంలో నీళ్లను ఆపే ఇత్తడి కుళాయి పచ్చికలో గేటు దగ్గరెక్కడో మట్టి కింద ఉంది. సరిగ్గా ఎక్కడో తెలిసిన క్లైవ్ తండ్రి ఇప్పుడు లేడు. ప్లంబర్ తాను రావడానికి మూడు గంటలు పడుతుందన్నాడు. క్లైవ్ పారతో నాలుగు చోట్ల తవ్వి చూశాడు, ఏమీ దొరకలేదు. అతని భార్య గ్వెన్ అతన్ని అడగకుండానే మేవిస్‌కు ఫోన్ చేసింది.

నేనే కారులో తీసుకెళ్లాను. మేవిస్ యంత్రం ఊపీ ఊపకముందే అది తియ్యగా పలికింది.

"అదిగో! అక్కడే!" క్లైవ్ పార ఎత్తాడు.

"ఆగు." పక్కకు తిరిగి ఊపింది. గుర్రుమంది. "మేకు. వదిలెయ్."

రెండోది పలికింది. వదిలేసింది. మూడోది, నాలుగోది కూడా వదిలేసింది. క్లైవ్ ముఖం ఎర్రబడింది. "మేవిస్, అక్కడ నా గొర్రెలు మునిగిపోతున్నాయి!"

"అందుకే తవ్వొద్దంటున్నాను. ప్రతి మేకుకీ తవ్వుకుంటూ పోతే చీకటి పడిపోతుంది."

ఆమె గేటు వైపు జరిగింది. యంత్రాన్ని నిదానంగానే ఊపింది. గేటు స్తంభానికి ఆరడుగుల దూరంలో ఒక స్వరం వచ్చింది. తిరిగి ఊపింది. అదే చోట, అదే స్వరం. ఇంకోసారి చుట్టూ తిరిగి చూసుకుంది.

"ఇక్కడ తవ్వు. మెల్లగా."

అడుగు లోతులో పార తగిలి ఖంగుమంది. క్లైవ్ మోకాళ్ల మీద కూర్చుని మట్టి తీశాడు. పచ్చగా చిలుము పట్టిన ఇత్తడి కుళాయి! పెద్ద పానా వేసి క్లైవూ నేనూ బలమంతా పెట్టి తిప్పాం. మొదట కదల్లేదు, తరువాత కీచుమంటూ తిరిగింది.

కొట్టంలోంచి గ్వెన్ కేక వినిపించింది. "ఆగింది! క్లైవ్, నీళ్లు ఆగిపోయాయి!"

క్లైవ్ అక్కడే బురదలో చతికిలబడ్డాడు. మోచేత్తో ముఖం మీది మట్టి తుడుచుకున్నాడు.

"ఒక్క పిల్ల కూడా పోలేదు," అంటూ గ్వెన్ వచ్చి మేవిస్‌ను గట్టిగా వాటేసుకుంది.

"నన్ను తరువాత పిండుదువుగాని, ముందు తువ్వాళ్లు తీసుకురా," అంది మేవిస్, కళ్లు తుడుచుకుంటూ.

నలుగురం పొడి గడ్డి పరిచి, తడిసిన పిల్లల్ని ఒక్కొక్కటిగా ఒళ్లో పెట్టుకుని తుడిచాం. మేవిస్ ఒళ్లోని నల్లమూతి పిల్ల చాలాసేపు కదల్లేదు. ఆమె రుద్దుతూనే ఉంది. చివరికి అది తుమ్మి, తల ఎత్తి, పాల కోసం ఆమె చొక్కా గుండీ నోట పెట్టుకుంది.