పైడయ్యగారి నూట పన్నెండో చీటీ

బచేలి రైల్వే కాలనీలో పైడయ్య పూర్తిగా నమ్మిన మనిషి ఇంతవరకూ ఒక్కడూ లేడు. మనుషుల సంగతి అలా ఉంచండి, గోడ మీది క్యాలెండరునైనా నమ్మడు. పొద్దున్నే లేచి కోడలు సత్యవేణిని, "ఈయేళ మంగళారమేనా?" అని అడుగుతాడు. అవునంటే, "ఎవుడు సెప్పాడు?" అంటాడు.

తప్పంతా ఆయనదే అనడానికి లేదు. కిరందుల్ లైనులో ముప్పై నాలుగేళ్ళు కీమన్‌గా పనిచేశాడు. సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట నడుస్తూ, పట్టాను పట్టి ఉంచే ఇనప ‘కీ’లు వదులయ్యాయేమోనని ఒక్కొక్కదాన్నీ చూసుకుంటూ పోవడం ఆ ఉద్యోగం. నిన్న గట్టిగా ఉన్నదాన్ని ఇవాళ అనుమానించడానికే సర్కారు ఆయనకు జీతం ఇచ్చింది. రిటైరైన రోజు సుత్తి ఆఫీసులో అప్పజెప్పాడు. అనుమానాన్ని మాత్రం ఎవరూ తిరిగి అడగలేదు.

ఆ అనుమానం సత్యవేణికి పెళ్ళిచూపుల్లోనే తగిలింది. శృంగవరపుకోటలో వాళ్ళ ఇంట్లో కూర్చుని అందరూ పిల్ల బాగుంది, బాగుంది అంటుంటే, ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, "బానే ఉంది. ఇంత బాగున్న పిల్లని మనకెందుకిస్తన్నారు?" అన్నాడు. పెళ్ళికొడుకు చినబాబు తల వంచుకున్నాడు. అత్తగారు తాతమ్మ ఒక్కతే నవ్వి, "నన్ను సూసినప్పుడూ అలాగే అన్నారమ్మా. నలభయ్యేళ్ళయ్యింది. ఇంకా కారణం ఎతుకుతన్నారు" అంది.

కాపురానికి వచ్చాక సత్యవేణికి అంతా అలవాటైపోయింది. గ్యాస్ సిలిండరు తెచ్చినవాడు దాన్ని తూచి చూపించందే ఆ గుమ్మం దాటి పోలేడు. ఒకసారి పక్కింటివాళ్ళు ఊరికే ఒక పనసకాయ ఇచ్చి వెళ్ళారు. పైడయ్య దాన్ని మూడు రోజులు వరండాలో ఉంచి, వాళ్ళేం అడగడానికి వస్తారోనని కాపలా కాశాడు. నాలుగోనాటికి కాయ పండిపోయి ఇల్లంతా వాసన కొట్టింది గానీ, ఎవరూ వచ్చి ఏమీ అడగలేదు. "అదే నా అనుమానం" అన్నాడు.

ఇలాంటి మనిషి ఇంట్లో ఉండగా మనవరాలు మోక్షితను బడిలో వేసే వేళ వచ్చింది.

ఊళ్ళో ఒక ట్రస్టువాళ్ళు నడిపే చిన్న బడి ఉంది. గేటు మీద రెండు సిమెంటు నెమళ్ళుంటాయి కనుక అందరూ దాన్ని నెమళ్ళ బడి అంటారు. ఇంగ్లీషు మీడియం, ఫీజు పేరుకే. కేజీలో సీట్లు ముప్పై, దరఖాస్తులు నూట పన్నెండు. అందుకని లాటరీ. అందులో పేరు రాకపోతే మోక్షిత రోజూ బస్సులో కిరందుల్ పోయి రావాలి. ఆ పిల్ల బస్సెక్కితే మూడో మలుపు దగ్గర వాంతి చేసుకుంటుంది. చినబాబు గూడ్సు బండి డ్యూటీలో ఏ రోజు ఎక్కడుంటాడో తెలియదు. సత్యవేణికి ఆ నెలంతా సరిగ్గా అన్నం సయించలేదు.

ఫారం ఇవ్వడానికి మామగారు కూడా వచ్చాడు. బడి గుమాస్తా ముకేష్‌కి ఊళ్ళో ఉన్న భాషలన్నీ తలా కొంచెం వచ్చు. అతను ఫారం తీసుకుని రసీదు ఇచ్చాడు.

"ఇదేటి బాబూ?"

"రసీదు, దాదాజీ. మీ నంబరు యాభై ఎనిమిది."

పైడయ్య రసీదును ఎండకు పెట్టి చూశాడు. అప్పటికే రసీదులు తీసుకున్నవాళ్ళ చేతుల్లోకి కూడా ఒకసారి తొంగి చూశాడు. "అందరి రసీదుల మీదా నంబరుంటాదా?"

"ఉంటుంది."

"అయితే రాసియ్యి."

"ఏం రాసివ్వాలి?"

"అందరి రసీదుల మీదా నంబరుంటాదని."

సత్యవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన్ని బయటికి లాక్కొచ్చింది. కానీ మర్నాటి నుంచి ఆయన డ్యూటీ మొదలైంది. రోజూ పదింటికి బడికి వెళ్ళి, గుమాస్తా కిటికీ ఎదుట బల్ల మీద కూర్చుని వచ్చేవాడు. ఏం చేస్తున్నారని అడిగితే, "సూస్తన్నాను" అనేవాడు. పది రోజులకు ముకేష్ సత్యవేణికి ఫోన్ చేసి, "దీదీ, ఆయన చూస్తుంటే నాకు నా సంతకం కూడా సరిగ్గా రావట్లేదు" అని మొరపెట్టుకున్నాడు.

లాటరీ రోజు వచ్చింది. పదకొండింటికి తీస్తారు. మామగారికి చెప్పకుండా వెళ్ళిపోదామని సత్యవేణి పదింటికే పిల్లను తీసుకుని చప్పుడు చేయకుండా బయల్దేరింది. బడి హాల్లోకి అడుగుపెట్టి చూస్తే, మొదటి వరుసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయన కూర్చుని ఉన్నాడు.

"పదకొండంటే తొమ్మిదికే ఏదో జరుగుతాదని తెల్సు" అన్నాడు.

వేదిక మీద నీలం ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టారు. ప్రిన్సిపల్ దుర్గా మేడమ్ నాలుగు మాటలు మాట్లాడి, మొదటి చీటీ తీయబోయింది.

"మేడమ్‌జీ! ఆగండి!" పైడయ్య లేచాడు. "పహలే గినో!"

హాల్లో సగం మంది నవ్వారు. సగం మంది మూలిగారు. సత్యవేణి మోక్షిత జడను సర్దుతున్నట్టు తల దించుకుంది.

"ఏం లెక్కపెట్టాలి?" అంది మేడమ్ హిందీలో.

"చీటీలు. నూట పన్నెండు ఉండాల."

"ఉన్నాయండీ. మా మీద మీకు నమ్మకం లేదా?"

"నేదు" అన్నాడు పైడయ్య, ఎంతో మర్యాదగా.

నమ్మకం లేనివాళ్ళు ఇంకా నలుగురైదుగురు వెనక నుంచి గొంతు కలిపారు. చేసేది లేక మేడమ్ డ్రమ్మును బల్ల మీద బోర్లించింది. ఇద్దరు టీచర్లు లెక్కపెట్టారు. నూట పదకొండు వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టారు. మళ్ళీ నూట పదకొండే.

నవ్వినవాళ్ళంతా ఇప్పుడు పక్కవాళ్ళ వైపు అనుమానంగా చూడసాగారు. ప్రతి తల్లికీ పోయిన చీటీ తన పిల్లదేననిపించింది. రిజిస్టరు తెచ్చి ఒక్కొక్క నంబరూ చదవడం మొదలుపెట్టారు. యాభై దాటేసరికి సత్యవేణి రసీదు తీసి చేతిలో పట్టుకుంది.

"యాభై ఏడు?"

"ఉంది."

"యాభై ఎనిమిది?"

టీచరు వెతుకుతోంది. వెతుకుతూనే ఉంది. "ఆ... ఉంది."

సత్యవేణి రసీదును మళ్ళీ మడిచి దాచుకుంది.

"యాభై తొమ్మిది?"

ఎంత వెతికినా యాభై తొమ్మిది లేదు. మేడమ్ రిజిస్టరులో పేరు చదివింది. "లక్కే. తల్లి పేరు హిడ్మే."

చెప్పులు విడిచే చోట, గోడకు ఆనుకుని నిలబడ్డ ఒక చిన్న మనిషి చెయ్యెత్తింది. కిష్టారం నుంచి వచ్చి, కంపెనీ క్వార్టర్లలో ఇంటిపని చేసుకునే మనిషి. పక్కన కూతురు కొత్త రిబ్బన్లు కట్టుకుని నిలబడి ఉంది.

ముకేష్ గొంతు సవరించుకున్నాడు. "అది అధూరా ఫారం, మేడమ్. తండ్రి సంతకం లేదు. పక్కన పెట్టాను."

"ఆవిడకి చెప్పావా?"

"చెబుదామనుకున్నాను."

"తండ్రి ఏడీ?" అని మేడమ్ హిడ్మేను అడిగింది.

"మిరపకాయలు ఏరనీకి తెలంగాణ పోయిండు మేడమ్. సంతకం ఆయనతోనే ఉంది."

మేడమ్ ముకేష్ వైపు ఒక్క చూపు చూసి, తల్లి సంతకం చాలునని చెప్పింది. తన చేత్తోనే చీటీ రాసి, అందరికీ చూపించి, మడిచి, మిగతావాటితో కలిపి డ్రమ్ములో వేసింది.

తర్వాత లాటరీ సాగింది. పది పేర్లయ్యాయి, ఇరవయ్యయ్యాయి. ఇరవై తొమ్మిది సీట్లు నిండాయి. ముప్పయ్యో చీటీ విప్పి మేడమ్ చదివింది, "యాభై తొమ్మిది. లక్కే."

వెయిటింగ్ లిస్టు తీశారు. మొట్టమొదటి పేరు, "యాభై ఎనిమిది. మోక్షిత."

వెనక నుంచి ఎవడో, "తాతా, మళ్ళీ గినోమంటావా?" అన్నాడు. హాలంతా గొల్లుమంది.

సత్యవేణి బజారు దాటేదాకా ఓర్చుకుంది. ఆ తర్వాత ఆగలేదు. "నోరు మూసుకుని కూర్చుంటే ముప్పయ్యో సీటు మనది మావయ్యా! మీ అనుమానం ఊరికి ఉపకారం, ఇంటికి శాపం. బడి తెరిచిన రోజు నుంచి పిల్లతో కిరందుల్ బస్సెక్కండి. వాంతి నిజమో కాదో మీరే చూసుకుందురు గాని!"

పైడయ్య మాట్లాడలేదు. ఆయన ఊరుకోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అందుకని ఆమెకే అనుమానం వచ్చింది. ఇంతలో వెనక నుంచి హిడ్మే పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అక్కా, తాతను తిట్టకు. నా రసీదు మీద నంబరు లేదని నాకే ఎరుక లేదు. తాతనే చూసి చెప్పిండు. నేను పోయి అడుగుతనంటే, వద్దు, నువ్వు నోరు తెరవకు అన్నడు."

సత్యవేణి మామగారి వైపు తిరిగింది. "ముందే తెలుసా మీకు?"

"మన ఎనక నిలబడ్డాది కాదేటి. బయటికొచ్చాక దాని రసీదు సూశాను."

"మరి ఆవిడ పేరు చెప్పి అడగొచ్చుగా? ఊరందరి ముందూ ఆ లెక్కలెందుకు?"

"పేరెట్టి అడిగితే ఆ గుమాస్తా గుర్తెట్టుకుంటాడమ్మా. రేపు ఆ గుంట ఆ బళ్ళోనే సదవాల. నానైతే ఏటంటారు? ముసిలోడికి అనుమానం అంటారు. అది ఎలాగూ అంటన్నారు."

"ఒక చీటీ పెరిగితే మన పిల్లకి అవకాశం తగ్గుతుందని తెలీదా?"

"తెల్సు" అన్నాడు పైడయ్య. కాస్సేపు నడిచాక, "ఊడిన కీ కంటపడ్డాక దాటుకుని ఎలాగెల్తానమ్మా?" అన్నాడు. ఇంకాస్త దూరం పోయాక, "అయినా ఆ డ్రమ్ముకి లోపల ఇంకో అడుగుందేమోనని నాకింకా అనుమానమే" అన్నాడు.

సత్యవేణికి కోపం ఉండాల్సిన చోట నవ్వొచ్చింది. మర్నాడు తనే బడికి వెళ్ళింది. "వెయిటింగ్ లిస్టు సంతకంతో గోడకు అంటించండి" అంది. ముకేష్ ఆమెను తేరిపార చూసి, "ఆయన కోడలేగా" అని గోడకు అంటించాడు.

మూడు వారాల తర్వాత హిడ్మే వాకిట్లోకి వచ్చి కేకేసింది. "అక్కా, బేగి రా! నేను పనిచేసే క్వార్టరోళ్ళకు కోరాపుట్ ట్రాన్స్‌ఫర్ అయింది. ఆళ్ళ పిల్లకు నెమళ్ళ బడిల సీటొచ్చింది కదా. ఇప్పుడు వద్దంటున్నరు!"

"నీకెవుడు సెప్పాడు?" అన్నాడు వరండాలోంచి పైడయ్య.

"ఆళ్ళ గిన్నెలన్నీ మూటలు కట్టింది నేనే, తాత!"

సత్యవేణి చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తింది. గోడ మీద మొదటి పేరు మోక్షితదే. సాయంత్రానికి సీటు ఖాయమైంది.

జూన్‌లో బడి తెరిచారు. మొదటి రోజు సాయంత్రం మోక్షిత, లక్కే ఇద్దరూ ఒకే గొడుగు కింద ఇంటికి వచ్చారు. పైడయ్య ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని విచారణ మొదలుపెట్టాడు.

"ఏటి నేర్పారు?"

"ఏ ఫర్ ఆపిల్" అంది మోక్షిత.

"ఆపిల్ సూపించారా?"

"బొమ్మ చూపెట్టిన్రు" అంది లక్కే.

"బొమ్మేనా!" పైడయ్య కుర్చీలోంచి లేచాడు. "బొమ్మ సూపించి అదే ఆపిలంటే నమ్మేయడమేనా?"

గొడుగు తీసుకుని వానలోనే బజారుకు పోయాడు. అరగంట తర్వాత మోకాళ్ళ దాకా తడిసి, రెండు ఎర్రటి ఆపిల్ పళ్ళతో తిరిగొచ్చి, ఇద్దరి చేతుల్లో చెరొకటి పెట్టాడు. అవి నిజంగా ఆపిల్ పళ్ళేనని కొట్టువాడి చేత మూడుసార్లు ఒట్టు వేయించుకొచ్చాడట.