పెద్ద చక్రం, అందని నేల

టాటీబంధ్ కూడలి దగ్గర లారీ తగిలి మా ఆయన తుంటి ఎముక విరిగింది. ఆయన మోటారు సైకిలు ముందు చక్రం అప్పడంలా వంకర తిరిగిపోయింది. ఎముక అతకడానికి ఎన్నాళ్లు పడుతుందో డాక్టర్లు చెప్పలేకపోయారు. చక్రం మాత్రం వెంటనే వెయ్యక తప్పలేదు, ఆ బండి మీద ఇక నేనే తిరగాలి కాబట్టి.

ఆయన రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. మాది ఆ వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో క్వార్టరు. నేను ధర్సీవా వైపు పల్లెల్లో ప్రసవాలూ టీకాలూ చూసే నర్సుని. అంతకుముందు ఆయనకి మధ్యాహ్నం డ్యూటీ ఉన్న రోజుల్లో పొద్దున్నే ఆయనే నన్ను బండి మీద దింపేవారు. మిగతా రోజులు బస్సు దిగి నడిచేదాన్ని, ఇల్లు చేరేసరికి రాత్రయ్యేది. ఆ పల్లెల్లోనే గది తీసుకుని ఉండొచ్చుగా అని మా పై నర్సు అంది. ఉండొచ్చు. కానీ సాయంత్రానికి నేను ఇంటికి చేరకపోతే ఆయన్ని మంచం మీద పక్కకి తిప్పేవాళ్లు లేరు. పగలు పక్క క్వార్టరు పిన్నిగారు గంజి తాగించేది, అంతవరకే. వీపు మీద పుండ్లు పడతాయేమోనని నాకు ఒకటే భయం.

కాలనీ మైదానంలో, అలాంటిదే వేరొకరి బండి మీద నేర్చుకున్నాను. నేను పొట్టిదాన్ని. ఆ బండి ఎక్కితే మునివేళ్లు మాత్రమే నేలకి ఆనేవి.

టాటీబంధ్‌లో బండ్లు బాగుచేసే సర్దార్జీ ఒకాయన ఉండేవాడు, తెల్లగడ్డం పెద్దాయన. వంకర చక్రం పక్కన పడేసి, నా ముందు రెండు రిమ్ములు పెట్టాడు. ఒకటి పదహారు అంగుళాలది, చిన్నది, లావుపాటి టైరుది. ఇంకోటి ఇరవై ఒకటి, సన్నగా ఎత్తుగా ఉంది. పాతది పద్దెనిమిది, అది ఆయన దగ్గర లేదు.

"బేటీ, చిన్నది వేస్తే బండి ముందు భాగం కిందకి దిగుద్ది, చటుక్కున తిరుగుద్ది, తారు రోడ్డు మీద హాయి. పెద్దది గుంతల్ని దాటుద్ది, కానీ ముందు భాగం లేస్తుంది. నీ కాళ్లు అందవు. ఇంట్లో అడిగి రా," అని హిందీలో చెప్పాడు.

ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగాను. ఆయన కప్పువైపే చూస్తూ ఆలోచించారు.

"చిన్నదే వేయించు. కాళ్లు ఆనితే పడవు. నువ్వు కూడా మంచమెక్కితే మన ఖానా పానీ ఎవరు చూస్తారు?"

చిన్నదే వేయించాను. ఎత్తులో వేలెడు తేడాయే వచ్చింది. కానీ ఆ వేలెడుతో నా పాదాలు నేలని తాకాయి. తారు రోడ్డు మీద ఆ బండి చెప్పినట్టు వినేది. ఆయన అన్నది నిజమే అనుకున్నాను.

వానలు పడ్డాయి. అక్కడిది నల్లరేగడి. ఎడ్లబండ్లు తిరిగి తిరిగి దారుల్లో మోకాలి లోతు గాడులు పడతాయి. ఒక పొద్దున నేను టీకాలు వేస్తుంటే పక్క ఊరినుంచి ఒకడు పరుగెత్తుకొచ్చాడు. "దీదీ, మా ఇంటిదానికి బిడ్డ పుట్టింది, రక్తం ఆగట్లేదు," అన్నాడు. అతన్ని వెనక ఎక్కించుకుని బండి తీశాను. సగం దారిలో ముందు చక్రం గాడిలోకి జారింది. చిన్న చక్రం కదా, అంచు ఎక్కలేదు. ఎక్స్‌లేటరు తిప్పినకొద్దీ ముక్కు ఇంకా కిందకి పొడుచుకుంది. అతనూ నేనూ లాగాం. కదల్లేదు. చివరికి బండి అక్కడే వదిలేసి, సంచి భుజాన వేసుకుని ఆ బురదలో పరుగెత్తాను. కాలు తీసి కాలు వెయ్యడానికే ప్రాణం పోయింది.

నేను వెళ్లేసరికి ఆమె పెదాలు తెల్లబడిపోయాయి. చెయ్యి పట్టుకున్నాను, చల్లగా ఉంది. సూది వేశాను, పొట్ట నొక్కాను, కాళ్లు ఎత్తించాను. కాసేపటికి ఆమె పోయింది. బిడ్డ మూలన గుడ్డలో ఏడుస్తూనే ఉంది. ముందే వచ్చి ఉన్నా దక్కేది కాదని పురుడు పోసిన మంత్రసాని అంది. అది నాకోసం అందో, నిజంగానే అందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంటికొచ్చి మా ఆయనకి జరిగింది చెప్పాను, చక్రం సంగతితో సహా. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆయన అన్నం ముట్టలేదు. ఆ తర్వాత అడిగిన దానికే జవాబు. మొహం మంచం పక్క గోడవైపు తిప్పుకుని పడుకునేవారు. నేను వీపు తుడుస్తుంటే ఒళ్లు బిగబట్టుకునేవారు. రోజూ ప్రార్థన చేసుకునే మనిషి, అదీ మానేశారు. బతికి ఏం లాభం అని ఒకసారి పిన్నిగారితో అన్నారట. ఆవిడ ఆ మాట చెప్పినప్పటినుంచీ పొద్దున డ్యూటీకి బయల్దేరాలంటే భయం, తిరిగొచ్చి తలుపు తియ్యాలంటే భయం.

ఆ వారమే నేను సర్దార్జీ దగ్గరికి పోయి పెద్ద చక్రం వెయ్యమన్నాను. ఆయన నా కాళ్లవైపు చూశాడు.

"ఆగినప్పుడు ఏం చేస్తావు?"

"ఆగను."

ఆయన నవ్వలేదు. చక్రం వేశాడు. బురద ఇరుక్కోకుండా మడ్‌గార్డు పైకెత్తి కట్టాడు. బండి ముందు భాగం గుర్రంలా లేచి నిలబడింది. ఇంటిదాకా ఎలా తెచ్చానో నాకే తెలీదు. గుమ్మం ముందు ఆపబోయి దాంతోపాటు పడ్డాను.

ఆ చప్పుడుకి లోపల్నుంచి ఆయన పిలిచారు. "ఏమైంది? ఏ చక్రం వేయించావు?"

చెప్పాను. అప్పుడు ఆయన, "ఆ సీటు ఊడదీసి ఇలా పట్రా. కత్తి కూడా," అన్నారు.

మంచం మీద నేను ఓ పక్కకి ఒరిగిస్తే, సీటు రెక్సిను విప్పి, ఎత్తు తగ్గేలా లోపలి స్పాంజిని పొరలు పొరలుగా కోశారు. "ఇది మొదటే తోచుంటే పెద్ద చక్రమే వేయించేవాడిని," అన్నారు, నా మొహం చూడకుండా.

"ఎవరికి తోచిందండీ అప్పుడు," అన్నాను.

"ఆగేటప్పుడు రెండు కాళ్లూ దింపబోకు. ఎడమ పక్కకి జారి ఒక్క కాలే దింపు. గట్టు కనపడితే దాని పక్కన ఆపు. సమ్‌ఝీ?"

వాన వెలిసిన పూటల్లా మైదానంలో అదే పని చేశాను.

వానాకాలం చివర్లో వాగు అవతలి ఊళ్లో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. సెలైను సీసాలు గుడ్డల్లో చుట్టి వెనక కట్టుకున్నాను. గాడిలో చక్రం దిగింది, ఊగింది, అంచెక్కి బయటపడింది. వాగులో మాత్రం రాళ్లు అడ్డొచ్చి ఆగాల్సి వచ్చింది. కాలు దింపితే నేల దొరకలేదు. బండి నా మీద పడింది. పొలంలో ఉన్న రైతులు వచ్చి లేపారు. కొన్ని సీసాలు పగిలాయి. మిగిలినవాటితో ఊరు చేరాను. సాయంత్రం దాకా ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగాను. ఒక ముసలాయన దక్కలేదు. సెలైను పెట్టిన మిగతావాళ్లు తేరుకున్నారు.

ఇంటికొచ్చాక ఆయన, "పడ్డావా?" అని అడిగారు.

"పడ్డాను."

"ఏదీ చూపించు."

చీరుకుపోయిన మోకాలు చూపించాను. అది చూసి ఆయన ఏడ్చారు. లారీ తగిలిన రోజు నుంచీ ఆయన ఏడవడం నేను చూడలేదు. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. ఆ రాత్రి ఆయన కడుపునిండా అన్నం తిన్నారు.

మరుసటేడు వర్క్‌షాపులో ఆయనకి కూర్చుని చేసే పని ఇచ్చారు. కర్ర సాయంతో నడిచేవారు. తుంటి మాత్రం సరికాలేదు, ఆయన మళ్లీ బండి ఎక్కలేదు. నాకు బదిలీ అయ్యేదాకా ఆ పల్లెల్లో దాని మీదే తిరిగాను.