ఒకే పెనం, ఆరు చెంచాలు

అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో ఉంటూ ఎమ్మెస్ చదివే రోజుల్లో మా స్పానిష్ రూమ్మేట్ మార్తా నన్ను సండే లంచ్‌కి పిలిచింది. టేబుల్ మధ్యలో బండి చక్రమంత పెనం, దాన్నిండా కూరగాయల అన్నం. ప్లేట్లు లేవు! ఆమె ఫ్రెండ్స్ నలుగురూ పెనంలోంచే చెంచాలతో తినడం మొదలుపెట్టారు.

ఎంగిలి పట్టింపున్న ఇంట్లో పెరిగినదాన్ని, ఆ పెనంలో చెంచా పెట్టలేకపోయాను. గబగబా ప్లేటు తెచ్చుకుని, ఎవరూ ముట్టని చోటు చూసి గరిటెడు వడ్డించుకున్నాను. అందరూ తినడం ఆపేశారు.

"అది పాబ్లో వాటా. మా ఊళ్లో ఎవరి ముందున్నది వాళ్లే తింటాం, పక్కవాళ్ల దాంట్లో చెంచా పెట్టం," అంది మార్తా మెల్లగా, నా పక్కన కూర్చున్న ఫ్రెండ్‌ని చూపిస్తూ.

అప్పుడు చూశాను. మనిషికీ మనిషికీ మధ్య అన్నం పొలం గట్టులా చెక్కుచెదరకుండా ఉంది. గట్టు దాటింది నేనొక్కదాన్నే! సిగ్గుపడి చెంచా అందుకున్నాను.

చివర్లో అడుగంటిన మాడుచెక్కని, అన్నిటికంటే రుచైనదట, పాబ్లోతో సహా అందరూ తమ చెంచాలతోనే గీకి నావైపు నెట్టారు. ఒక్క మెతుకు కూడా మిగల్చలేదు నేను.