ఎ దగ్గర లేని పేరు

దీప్తి చేతులు ఊరుకోవు. హనుమకొండలోని ఇంట్లో పోపు డబ్బాలను అక్షరక్రమంలో పేరుస్తుంది. అత్త అనసూయ వంట చేస్తూ చెదరగొడితే మళ్లీ సర్దుతుంది. దీప్తి ఉద్యోగం కూడా అదే. మార్కెట్ యార్డులో, ఏ రోజుకారోజు వడ్లు తూకం వేయించే రైతుల పేర్లను కంప్యూటర్‌తో వరుసలో పెట్టించి గోడకు అంటిస్తుంది. అంటించాక రెండుమూడుసార్లు లేచి వెళ్లి చూసొస్తుంది.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. నెక్కొండ రైతు ఎల్లస్వామి, గోడ మీది కాగితంలో ఎ దగ్గర వెతికి వెతికి, బస్తాలను తిరిగి ట్రాక్టరెక్కిస్తున్నాడు. “నా పేరు లేదు బిడ్డా. వానకు తడిస్తే మొలకలొస్తయి. ఇంటికే పోతాన.” “జర ఆగు పెద్దయ్యా,” అంటూ దీప్తి కాగితాన్ని కిందికంటా చదివింది. య దగ్గర, యాదగిరి తర్వాత, యెల్లస్వామి ఉన్నాడు. పొద్దున ఆయన పలికినట్టే ఆమే టైపు చేసింది. “ఎల్లన్నా యెల్లన్నా నేనే గద. గా మిషనుకు చెవుల్లెవ్వా?” అంటూ ఆయన బస్తా దించాడు. తూకం అయ్యాకే వాన పడింది. ‘యె’ను కూడా ‘ఎ’గానే చూడమని కంప్యూటర్‌కు చెప్పిగాని ఆమె బస్సెక్కలేదు.

ఇంటికొచ్చి య వరుసలోంచి యాలకుల డబ్బా తీసింది. ఏలకులంటే ఏ దగ్గర పెట్టాలి కదా అనుకుంటూ నిలబడింది. “ఇలాచి ఏదే? చాయ్ మసులుతాంది,” అంది అనసూయ. దీప్తి డబ్బాను అత్త చేతికిచ్చి, ఇ దగ్గర చోటుందేమోనని అర వైపు చూసింది.